వేడి చేసిందిలే అని వదిలేస్తున్నారా? పెద్దపేగుకి రక్తం తగ్గిపోయే వింత కారణాల చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం తేడాగా ఉంటుంది. భోంచేస్తూ చూసేవాళ్లు ఇక్కడే పాజ్ చేసి, చెయ్యి కడుక్కొని తర్వాత రండి. ఎందుకంటే ఈ రోజు టాపిక్ పెద్దపేగు. దాంతోపాటు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని ఇంకో విషయం, దొడ్డికి పోయినప్పుడు కనిపించే రక్తం.

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సైడ్ ఎవరికైనా ఇలా రక్తం కనిపిస్తే రెండే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "మొలలు ఉంటాయిలే". రెండోది "ఉష్ణం చేసిందప్పా, మజ్జిగ తాగు". కోస్తాలో, తెలంగాణలో అయితే "వేడి చేసింది" అంటారు. మాట వేరు, అర్థం ఒకటే. ఇంక డాక్టర్ దగ్గరికి పోవాల్సిన పని లేదని కేసు క్లోజ్ చేసేస్తారు.

చాలాసార్లు అది నిజంగా మొలలే అయ్యుంటుంది, కాదనట్లేదు. కానీ కొన్నిసార్లు అసలు సంగతి వేరే. పెద్దపేగులో ఒక ముక్కకి సరిపడా రక్తం అందదు. డాక్టర్లు దాన్ని ఇస్కీమిక్ కొలైటిస్ అంటారు. పేరు కష్టంగా ఉంది కదా, విడగొడితే ఈజీ. ఇస్కీమియా అంటే రక్తం చాలకపోవడం. కొలైటిస్ అంటే పెద్దపేగు వాయడం. అంతే.

ఇది మామూలుగా అరవై దాటిన వాళ్లలో ఎక్కువ. మరి మన ఛానల్ చూసే ఇరవై, ముప్పై ఏళ్ల వాళ్లకి దీంతో ఏం పని? అక్కడే కథ ఉంది. వయసులో ఉన్నవాళ్లకి ఇది వచ్చిందంటే దాని వెనక కారణం చాలావరకు కొంచెం వింతగా ఉంటుంది. ఎండ, పరుగు, జలుబు మాత్ర, తలనొప్పి మాత్ర, ధాన్యానికి పట్టే బూజు, చివరికి రక్తపింజరి పాము కూడా ఈ కథలోకి వస్తుంది. ఈ కారణాల్ని డాక్టర్లు ఒక్కొక్కటిగా ఎలా పట్టుకున్నారో చెప్తాను. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాణ్ణి. కాబట్టి ఇది వైద్య సలహా అనుకోకండి, చరిత్ర పాఠం అనుకోండి.

ముందు కాలువ మ్యాప్ చూద్దాం

పెద్దపేగుకి రక్తం ఎలా అందుతుందో మన ఊరి వాళ్లకి చెప్పడం చాలా ఈజీ. హంద్రీ-నీవా కాలువ చూశారు కదా. శ్రీశైలం బ్యాక్ వాటర్ నుంచి కృష్ణా నీళ్లని లిఫ్ట్ చేసి, అనంతపురం దాటించి, పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయర్ దాకా తెస్తారు. అక్కడి నుంచి మడకశిర బ్రాంచ్ కాలువ హిందూపురం, లేపాక్షి వైపు వస్తుంది. ఇప్పుడు శ్రీశైలంలో నీళ్లు తగ్గాయి అనుకోండి. ముందు ఎండేది ఎవరి పొలం? మొదట్లో ఉన్నోడిది కాదు, చివర్లో ఉన్నోడిది. చివరి ఆయకట్టు రైతు బాధ ఏంటో మన జిల్లా వాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒంట్లో కూడా అంతే. గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమని మెయిన్ కెనాల్. దాని నుంచి పొట్టలోకి మూడు బ్రాంచ్ కాలువలు వస్తాయి. మొదటిది కడుపుకి, కాలేయానికి. రెండోది చిన్నపేగుకి, పెద్దపేగులో కుడివైపుకి. మూడోది, అన్నిటికన్నా సన్నది, పెద్దపేగులో ఎడమవైపుకి. రెండో కాలువ ఆయకట్టు అయిపోయి మూడో కాలువ ఆయకట్టు మొదలయ్యే చోటు ఒకటి ఉంది. అది పొట్టలో ఎడమవైపు పైన, ప్లీహం దగ్గర పేగు మలుపు తిరిగే చోటు. దాన్ని గ్రిఫిత్స్ పాయింట్ అంటారు. 1956లో గ్రిఫిత్స్ అనే బ్రిటిష్ సర్జన్ ఈ రక్తనాళాల లేఅవుట్ మీద రాసిన పేపర్ వల్ల ఆ పేరొచ్చింది. ఇంకా కింద, పెద్దపేగు పురీషనాళంలో కలిసే చోట ఇలాంటిదే ఇంకొకటి ఉంది. 1907లో జర్మన్ సర్జన్ సుడెక్ చెప్పాడు కాబట్టి దాని పేరు సుడెక్ పాయింట్.

ఈ రెండు చోట్లా రెండు కాలువల నీళ్లు అందాలి. కానీ రెండూ చివరి ఆయకట్టే. ఇద్దరు అన్నదమ్ముల మధ్య గట్టు మీదున్న చెట్టు లాంటిది. వాడు పోస్తాడులే అని వీడు, వీడు పోస్తాడులే అని వాడు, చివరికి ఎండేది ఆ చెట్టే. ఇంగ్లీషులో డాక్టర్లు కూడా ఈ చోట్లని వాటర్‌షెడ్ అనే పిలుస్తారు. మన జిల్లాలో వాటర్‌షెడ్ అంటే చెక్ డ్యాములు, కందకాలు గుర్తొస్తాయి కదా, ఆ మాటే పేగులోకి వెళ్లింది.

కాలువ తెగితేనే ఎండుతుందా?

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. పేగుకి రక్తం ఆగితే కుళ్లిపోతుందని సర్జన్లకి ఎప్పట్నుంచో తెలుసు. కానీ చాలాకాలం వాళ్లు ఒక్కటే అనుకున్నారు. రక్తం ఆగిందంటే ఎక్కడో పైపులో అడ్డం పడి ఉండాలి. గడ్డ కట్టి ఉండాలి, లేదా కత్తి పడి ఉండాలి. ఇలా అనుకోవడానికి కారణం ఉంది. ఆపరేషన్ టేబుల్ మీద వాళ్లకి కనిపించింది అదే. 1953లో క్యాన్సర్ ఆపరేషన్ కోసం మూడో కాలువని కట్టేస్తే పేగు చచ్చిపోవడాన్ని షా, గ్రీన్ అనే ఇద్దరు రిపోర్ట్ చేశారు. 1960లో స్మిత్, సిలాగీ అనే సర్జన్లు పొట్టలోని పెద్ద ధమనికి చేసే ఆపరేషన్ల తర్వాత కూడా ఇదే జరుగుతోందని చూపించారు. లాజిక్ కరెక్టే, కాలువ కట్టేస్తే పొలం ఎండుతుంది.

కానీ 1958లో ఎండే అనే అమెరికన్ డాక్టర్ ఒక తిక్క ప్రశ్న లేవనెత్తాడు. గుండె బలహీనపడి చనిపోయిన పేషెంట్లలో పేగు రక్తం అందక పాడైపోయి ఉంది. పోస్ట్‌మార్టంలో రక్తనాళాలన్నీ తెరిచి చూస్తే ఎక్కడా అడ్డం లేదు. కాలువ నిక్షేపంగా ఉంది, గేట్లున్నాయి, గట్లున్నాయి, పొలం మాత్రం ఎండిపోయింది. అంటే ఏంటి? పైపులో ప్రాబ్లం లేదు. పైనుంచి నీళ్లు రావడం తగ్గింది, దానికి తోడు ఒళ్లే గేట్లు దించేసింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ ఫీలింగ్ బాగా తెలుసు. సర్వర్ పనిచేస్తోంది, కేబుల్ బాగుంది, టెస్టులన్నీ పాస్, యాప్ మాత్రం ఓపెన్ కాదు. అప్పుడు వైరు చూడటం మానేసి, అసలు సిస్టమ్ ఏ నిర్ణయం తీసుకుంది అని లాగ్స్ చూస్తాం. ఈ జబ్బు చరిత్రలో మలుపు అక్కడే వచ్చింది.

1963లో న్యూయార్క్‌లో స్కాట్ బోలీ అనే సర్జన్, ఆయన టీమ్ ఇంకో ఆశ్చర్యం చూపించారు. పేగుకి రక్తం తగ్గినవాళ్లందరూ చచ్చిపోవట్లేదు, కొందరిలో అది దానంతట అదే మళ్లీ బాగైపోతోంది. అప్పటికి పెద్దపేగంతా చూసే కొలనోస్కోపీ లేదు. బేరియం అనే తెల్లటి మందుని కింది నుంచి ఎక్కించి ఎక్స్-రే తీసేవాళ్లు. ఆ ఫిలింలో పేగు అంచు మీద బొటనవేలితో నొక్కినట్టు సొట్టలు కనిపించాయి. పేగు గోడ లోపల రక్తం, నీరు చేరి ఉబ్బిన గుర్తులవి. డాక్టర్లు దానికి బొటనవేలి ముద్రలు అనే పేరే పెట్టేశారు. కొన్నాళ్లకి మళ్లీ ఎక్స్-రే తీస్తే ముద్రలు మాయం! దొంగ వచ్చి వేలిముద్రలు వదిలి, మనం చూసేలోపు తుడిచేసి పోయినట్టు.

1966లో లండన్ సర్జన్ ఏడ్రియన్ మార్స్‌టన్, ఆయన సహచరులు దీనికి ఇస్కీమిక్ కొలైటిస్ అని పేరు పెట్టి మూడు రకాలుగా విడగొట్టారు. కొన్నాళ్లుండి పోయేది ఒకటి. మానాక పేగుని సన్నగా బిగించేసేది రెండోది. పేగు కుళ్లిపోయి ప్రాణం మీదికి తెచ్చేది మూడోది. ఇప్పుడు మనకి తెలిసిందేంటంటే ఎక్కువమంది మొదటి రకమే. సెలైన్, పేగుకి రెస్ట్, కొన్నాళ్ల ట్రీట్‌మెంట్‌తో బయటపడతారు. కానీ మూడో రకం వచ్చినవాళ్లకి గంటలు లెక్క. ఏ రకమో ఇంట్లో కూర్చుని మజ్జిగ తాగుతూ తేల్చలేం.

ఎండ, పరుగు: ఒంటి బ్యాటరీ సేవర్ మోడ్

ఇక వింత కారణాల్లోకి వద్దాం. మొదటిది మన జిల్లా వాళ్లకి బాగా దగ్గరిది.

మీరు ఊరికే కూర్చున్నప్పుడు గుండె తోసే రక్తంలో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పొట్టలోని అవయవాలకే పోతుంది. చాలా పెద్ద వాటా అది. ఇప్పుడు మీరు పరుగెత్తడం మొదలుపెట్టారు. కండరాలకి రక్తం కావాలి. ఎండలో పరుగెత్తుతున్నారు, ఒళ్లు చల్లబడాలంటే చర్మానికి కూడా రక్తం కావాలి. చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గుతున్నాయి. ఉన్న రక్తం అంతే, అడిగేవాళ్లు పెరిగారు. అప్పుడు మెదడు ఏం చేస్తుంది? ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తే బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ ఆగిపోతాయి కదా, అలాగే పేగుకి సప్లై తగ్గించేస్తుంది. అరుగుదల తర్వాత చూసుకుందాం, ముందు ప్రాణం అంటుంది.

దీన్ని ఊహించి చెప్పట్లేదు. 1960ల్లో అమెరికాలోని సియాటిల్‌లో లోరింగ్ రోవెల్ అనే శాస్త్రవేత్త మనుషుల్ని నడిపించి, పరుగెత్తించి, వేడిలో ఉంచి కొలిచాడు. కాలేయం మాత్రమే రక్తంలోంచి తీసేసే ఒక రంగు మందుని ఎక్కించి, అది ఎంత స్పీడుగా మాయమవుతోందో చూసి, పొట్టకి ఎంత రక్తం పోతోందో లెక్కకట్టాడు. కష్టపడే కొద్దీ పొట్ట వాటా పడిపోతూనే ఉంది. వేడి తోడైతే ఇంకా పడిపోయింది. 1980ల్లో మారథాన్ రన్నర్ల మలం పరీక్షిస్తే, రేసు తర్వాత కొందరిలో కంటికి కనపడనంత రక్తం బయటపడింది. చాలామందిలో అది తనంతట తానే తగ్గిపోతుంది. కానీ అరుదుగా కొందరు రన్నర్లు పొట్ట నొప్పి, రక్త విరేచనాలతో హాస్పిటల్లో చేరారు. వాళ్ల పేగులో కనిపించింది ఇస్కీమిక్ కొలైటిసే.

మారథాన్ మనకెందుకు అంటారా? పొద్దున్నే మన గ్రౌండ్లలోకి వెళ్లి చూడండి. కానిస్టేబుల్ సెలెక్షన్‌కి 1600 మీటర్లు, ఆర్మీకి రన్నింగ్ అని ఎంతమంది కుర్రాళ్లు ప్రాక్టీస్ చేస్తుంటారో. 1600 మీటర్లు పరుగెత్తితే పేగు పోతుందని నేను చెప్పట్లేదు, భయపడకండి. కానీ బరువు తగ్గాలని నీళ్లు మానేసి, పొద్దున కాళ్ల నొప్పులకి ఒక పెయిన్ కిల్లర్ వేసుకొని, మే నెల ఎండలో గంటలు గంటలు పరుగెత్తితే అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. నీళ్లు తక్కువ, వేడి ఎక్కువ, కష్టం ఎక్కువ. చివరి ఆయకట్టుకి ఇంతకంటే కరువు ఏముంటుంది?

వేరుశనగ చేలో, ఉపాధి పనిలో, ఇటుక బట్టీ దగ్గర రోజంతా ఎండలో పనిచేసేవాళ్లకీ ఇదే లెక్క. వడదెబ్బ అంటే తలకి తగిలేది మాత్రమే అనుకుంటాం. ముదిరిన వడదెబ్బలో పేగుకి రక్తం బాగా పడిపోతుంది, పేగు గోడ దెబ్బతింటుంది, లోపలి బ్యాక్టీరియా విషాలు రక్తంలోకి జారతాయి. అప్పుడు ఒళ్లంతా కుప్పకూలుతుంది.

ఇప్పుడు మన అవ్వలు చెప్పే "ఉష్ణం చేసింది" మాట గుర్తు చేసుకోండి. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఎండకి, పేగుకి లింకు ఉందని వాళ్లు అనుభవంతో పట్టుకున్నారు. నీళ్లు, మజ్జిగ, రాగి అంబలి అని వాళ్లు చెప్పిన విరుగుడు కూడా ఎండలోకి పోయే ముందు మంచిదే. తేడా ఎక్కడొస్తుందంటే, రక్తం కనిపించాక కూడా అదే మాట చెప్పి ఆగిపోవడంలో.

బూజు పట్టిన గింజ నుంచి తలనొప్పి మాత్ర దాకా

రెండో కారణానికి వెయ్యేళ్లు పైబడిన చరిత్ర ఉంది. యూరప్‌లో రై అనే ధాన్యం తింటారు. తడి ఎక్కువైన ఏడాది ఆ కంకులకి ఒక బూజు పడుతుంది, గింజ స్థానంలో నల్లటి కొమ్ములాంటిది వస్తుంది. దాని పేరు ఎర్గాట్. 857లోనే రైన్ నది ప్రాంతంలో దీనివల్ల జనం వేళ్లూ కాళ్లూ కుళ్లి పడిపోయారని అక్కడి రికార్డుల్లో ఉంది. మంటపుట్టే నొప్పి కాబట్టి సెయింట్ ఆంటోనీ మంట అని పిలిచారు. జరిగిందేంటంటే, ఆ బూజులోని రసాయనాలు రక్తనాళాల్ని బిగించేస్తాయి. గేట్లు దించడమే మళ్లీ.

1918లో స్విట్జర్లాండ్‌లో ఆర్థర్ స్టోల్ అనే కెమిస్ట్ అదే బూజు నుంచి ఎర్గోటమైన్ అనే మందుని వేరు చేశాడు. మైగ్రేన్ తలనొప్పికి అది బాగా పనిచేసింది, ఇప్పటికీ కెఫీన్‌తో కలిపి మాత్రగా మన మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. డాక్టర్ చెప్పిన లెక్కలో వాడితే మందు. తల నొప్పి పెట్టినప్పుడల్లా చీటీ లేకుండా తెచ్చుకొని మింగేస్తే మళ్లీ ఆ బూజే. అలా ఎక్కువగా వాడినవాళ్లలో కాళ్లకీ, పేగుకీ రక్తం తగ్గిన కేసులు వైద్య పత్రికల్లో చాలా వచ్చాయి. ఇంకో డేంజర్ కూడా ఉంది. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, కొన్ని హెచ్‌ఐవీ మందులు కాలేయంలో ఎర్గోటమైన్ కరగకుండా ఆపేస్తాయి. అప్పుడు ఒక్క మాత్ర కూడా పది మాత్రల పని చేయొచ్చు. గొంతు నొప్పికి ఒక డాక్టర్, తలనొప్పికి మనమే డాక్టర్ అయినప్పుడు జరిగే ప్రమాదం ఇది.

"మరి మన సజ్జ కంకులకి కూడా బూజు పడుతుంది కదా" అని రైతుల ఇళ్లలో పుట్టినవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న. పడుతుంది, సజ్జలో వచ్చే ఎర్గాట్ తెగులు అదే. 1975లో రాజస్థాన్‌లో ఇలాంటి సజ్జలు తిని ఊళ్లో జనం జబ్బు పడ్డారు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు వెళ్లి స్టడీ చేశారు. వాంతులు, తల తిరుగుడు, మగత. కానీ యూరప్‌లో లాగా కాళ్లు కుళ్లలేదు. ఎందుకంటే సజ్జకి పట్టే బూజు వేరే జాతి, దానిలోని రసాయనాలు రక్తనాళాల్ని అంతగా బిగించవు. గింజల్ని ఉప్పు నీళ్లలో వేస్తే బూజు పట్టినవి పైకి తేలతాయి, వాటిని తీసేసి కడిగి ఆరబెట్టుకోవాలి. కాబట్టి సజ్జ రొట్టె తింటే పేగు పోతుందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే ఫార్వర్డ్ చేయకండి.

మాత్ర వల్ల కూడానా?

మూడోది మాత్రలు. దీన్ని ఎవరూ ఊహించలేదు, ఒక్కొక్కటే బయటపడింది.

1968లో అమెరికాలో గర్భనిరోధక మాత్రలు వాడే యువతుల్లో పెద్దపేగుకి రక్తం ఆగిన కేసులు రిపోర్ట్ అయ్యాయి. ఈ మాత్రల్లోని ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. అప్పట్లో డోసు కూడా ఇప్పటికన్నా ఎక్కువ. 1999లో జలుబు మాత్రల్లో వాడే సూడోఎఫెడ్రిన్ వల్ల వచ్చిన నాలుగు కేసుల్ని డాక్టర్లు ఒకచోట పేర్చి చూపించారు. ముక్కు దిబ్బడ ఎలా తగ్గుతుంది? ముక్కులోని రక్తనాళాలు బిగుసుకుంటేనే. మరి మాత్ర ముక్కులో మాత్రమే పనిచేయాలని ఎక్కడుంది? పేగులో రక్తనాళాలూ ఉన్నాయి కదా.

తర్వాత పెద్ద కథ. 2000 ఫిబ్రవరిలో అలోసెట్రాన్ అనే మందు అమెరికాలో వచ్చింది. ఐబీఎస్ తెలుసు కదా, ఊరికే పొట్టలో మెలికలు, పదే పదే విరేచనాలు. అలాంటి ఆడవాళ్ల కోసం వచ్చిన మందు. తొమ్మిది నెలలు తిరిగేసరికి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర 49 ఇస్కీమిక్ కొలైటిస్ కేసులు, 21 తీవ్రమైన మలబద్ధకం కేసులు చేరాయి. మరణాలు కూడా ఉన్నాయి. ఆ నవంబర్‌లో కంపెనీ మందుని వెనక్కి తీసుకుంది. ఇక్కడితో అయిపోలేదు. ఆ మందుతో బాగుపడిన పేషెంట్లు "మా బతుకు మళ్లీ బాత్రూమ్‌లోకి పోయింది, మందు మాకు కావాలి" అని పోరాడారు. 2002లో గట్టి షరతులతో మళ్లీ తెచ్చారు. మందు మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో తేల్చడం ఎంత కష్టమో చూడండి.

దీని అక్క లాంటి మందు మన దేశానికీ వచ్చింది. దాని పేరు టెగాసెరాడ్, మలబద్ధకం ఉండే ఐబీఎస్‌కి వాడేవాళ్లు. 2004లో ఎఫ్‌డీఏ పేగుకి రక్తం తగ్గుతున్న రిపోర్టుల గురించి వార్నింగ్ ఇచ్చింది. 2007 మార్చిలో గుండె సమస్యల కారణంగా అమెరికాలో అమ్మకం ఆపేశారు. మన దేశంలో నిషేధం ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2011 మార్చిలో. మధ్యలో నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో ఒక మందు ఒక దేశంలో ఆగిపోయి ఇంకో దేశంలో నడుస్తుంటే, మన ఊరి మెడికల్ షాపు ముందు నిల్చొని "అన్నా, పోయినసారి ఇచ్చింది ఆ మాత్రే ఇవ్వు" అని అడిగేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రక్తపింజరి ఇచ్చిన టెస్టు

చివరి కారణం చాలా వింతది, మన నేలతో ముడిపడింది. కొందరిలో ఒంట్లోని రక్షణ వ్యవస్థే తికమక పడి, రక్తం ఎక్కడపడితే అక్కడ గడ్డకట్టేలా చేసే యాంటీబాడీల్ని తయారు చేస్తుంది. 1983లో లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ అనే డాక్టర్ దీన్ని ఒక జబ్బుగా గుర్తించాడు. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. వయసులో ఉన్న ఆడవాళ్లలో ఎక్కువ. కాలిలో గడ్డలు, మళ్లీ మళ్లీ గర్భస్రావాలు, చిన్న వయసులో పక్షవాతం, అరుదుగా పేగు రక్తనాళంలో గడ్డ.

దీన్ని కనిపెట్టే టెస్టుల్లో ముఖ్యమైనది ఒకటి పాము విషంతో చేస్తారు. మన చేలల్లో అందరూ భయపడే రక్తపింజరి విషం! కథ విశాఖపట్నంలో మొదలవుతుంది. ఈస్టిండియా కంపెనీ డాక్టర్ పాట్రిక్ రస్సెల్ అక్కడ పాముల్ని సేకరించి 1796లో పుస్తకం వేశాడు. స్థానికులు తెలుగులో చెప్పిన పేరుని అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు, "కాటుక రేకుల పొడ" అని. ఆయన పేరు మీదే ప్రపంచం ఆ పాముని రస్సెల్స్ వైపర్ అంటోంది. 1934లో లండన్‌లో మెక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు ఈ విషాన్ని బాగా పలచన చేస్తే రక్తాన్ని చకచకా గడ్డకట్టిస్తుందని చూపించి, రక్తస్రావం ఆపడానికి వాడారు. ఎందుకంటే ఆ విషంలోని ఒక ముక్క గడ్డకట్టే గొలుసులో మధ్య మెట్టుని నేరుగా ఆన్ చేసేస్తుంది. 1986లో ఆ గుణాన్నే వాడుకొని కొత్త టెస్టు తయారు చేశారు. పేషెంట్ రక్తంలోని ప్లాస్మాలో పలచన విషం వేసి, గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. ఆ తికమక యాంటీబాడీలు ఉంటే టైమ్ తేడా వస్తుంది.

చేలో కాటేస్తే ప్రాణం తీసే పాము, ల్యాబ్‌లో కొన్ని చుక్కలై ఒక అమ్మాయి పేగు ఎందుకు పాడైందో చెప్తోంది.

మరి మనం ఏం చేయాలి?

ఇంత చరిత్రలో ఒక్క విషయం గమనించారా? ఎండే కేసుల్లో, పరుగు కేసుల్లో, చాలా మాత్రల కేసుల్లో స్కాన్‌లో పెద్ద అడ్డం ఏదీ దొరకదు. సమాధానం పేషెంట్ నోట్లో ఉంటుంది. "నిన్న ఏం చేశావు? ఏం మింగావు?" అనే ప్రశ్నలోనే కారణం దొరికింది. డాక్టర్లకి కూడా అది అర్థం కావడానికి దశాబ్దాలు పట్టింది.

కానీ మనం ఏం చేస్తాం? డాక్టర్ "ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే "ఏమీ లేదు సార్" అంటాం. జలుబు మాత్ర మందు కాదు, పెయిన్ కిల్లర్ మందు కాదు, జిమ్‌లో ఫ్రెండ్ ఇచ్చిన పౌడర్ మందు కాదు, ఆన్‌లైన్‌లో తెప్పించిన బరువు తగ్గే క్యాప్సూల్ మందు కాదు. పీరియడ్ పోస్ట్‌పోన్ అవ్వడానికి వేసుకున్న మాత్ర అయితే అమ్మ పక్కనుందని అసలు చెప్పరు. బగ్ రిపోర్ట్‌లో లాగ్స్ తీసేసి పంపితే ఏ డెవలపరూ సరిచేయలేడు. డాక్టర్ కూడా అంతే.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి. పొట్టలో, ముఖ్యంగా ఎడమవైపు, సడన్‌గా మెలిపెట్టే నొప్పి వచ్చి, అర్జంటుగా విరేచనానికి వెళ్లాల్సొచ్చి, ఒక రోజు లోపల ఎర్రటి రక్తం గానీ మెరూన్ రంగు రక్తం గానీ పడితే, అది మొలల కథలా లేదు. మొలల్లో మామూలుగా పొట్ట నొప్పి రాదు. అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లండి. దాంతోపాటు జ్వరం, పొట్ట గట్టిపడటం, కళ్లు తిరగడం, గుండె దడ ఉంటే ఇంక ఆలోచించొద్దు, నూట ఎనిమిదికి ఫోన్ చేయండి. ఎండలో ఉన్నారా, ఎంత పరుగెత్తారా, వారం రోజుల్లో ఏమేం మింగారా, అన్నీ చెప్పండి. మాత్రల స్ట్రిప్పులు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, పేరు గుర్తుండక్కర్లేదు. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే "సార్, ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలి" అనండి. ఏ మంచి డాక్టరూ తప్పుగా అనుకోడు.

ఇంట్లో పెద్దవాళ్లకి ఈ విషయంలో మీరే ఫోన్ లాంటివాళ్లు. ధర్మవరంలో మగ్గం మీద కూర్చొని నడుము నొప్పికి ఏళ్ల తరబడి మాత్రలు మింగే మామ, పెనుకొండ దగ్గర షిఫ్టు ముగించుకొని నిద్ర లేక తలనొప్పి మాత్ర వేసుకునే అన్న, హిందూపురం నుంచి తెల్లారకముందే బెంగళూరు ట్రైన్ ఎక్కి నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని దాహం చంపుకునే అక్క, వీళ్లెవరూ ఈ వీడియో చూడరు. మీరు చూశారు కాబట్టి వాళ్లకి ఒక్క మాట చెప్పండి. రక్తం కనిపిస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు, దాచాల్సిందేమీ లేదు.

అవ్వ "ఉష్ణం చేసింది" అంటే వాదించకండి, మజ్జిగ ఇస్తే తాగండి. తాగేసి, చెప్పులేసుకొని హాస్పిటల్‌కి బయల్దేరండి.

మీ ఊళ్లో ఇలాంటి జబ్బులకి ఏ మాట వాడతారో కామెంట్లలో రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా నీళ్లు తాగుతూ ఉండండి. ఉంటాను.